లెట్ అంటే అడ్డు: పాత ఇంగ్లీషు మాటల మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లకు వినబడుతోందా? సరే, మొదలుపెడతాను.

పాత ఇంగ్లీషు మాటల గురించి మాట్లాడమన్నారు. నోరు తిరగని మాటల చిట్టా ఒకటి పట్టుకొస్తానని మీరు అనుకుని ఉండొచ్చు. అలాంటివి కావాలంటే ఫోన్‌కు రోజుకొకటి వస్తూనే ఉంటుంది. వాటి జోలికి నేను పోను. వాటితో మనకు పెద్ద ఇబ్బంది లేదు. ముక్కూమొహం తెలియని మాట ఎదురైతే నిఘంటువు తీస్తాం, అర్థం చూసుకుంటాం, అక్కడితో సరి. అసలు చిక్కు బాగా తెలిసిన మాటలతోనే. రోజూ వాడే మాటే కదా అని దాటేస్తాం. అది అక్కడ నాలుగొందల ఏళ్ల కిందటి అర్థంతో కూర్చుని ఉంటుంది. మనం ఇవాళ్టి అర్థం తగిలించి చదివేస్తాం. తప్పు చదివామన్న అనుమానం కూడా రాదు. ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి కాబట్టి ఈ రెండో రకం మాటల మీదే నాకు ఆసక్తి ఎక్కువ.

మీలో చాలామందికి పాస్‌పోర్టు ఉంటుంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లొచ్చినవాళ్లు ఉంటారు, గల్ఫ్‌లో పని చేసి వచ్చినవాళ్లు ఉంటారు. అందులో భారత రాష్ట్రపతి పేరు మీద ఒక విన్నపం అచ్చువేసి ఉంటుంది. ఎప్పుడైనా చదివారా? ఈ పాస్‌పోర్టు ఉన్న మనిషిని ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రన్స్’ స్వేచ్ఛగా వెళ్లనివ్వండి, అవసరమైన సాయం, రక్షణ ఇవ్వండి అని కోరే వాక్యం అది. హిండ్రన్స్ అంటే ఆటంకం. బాగానే ఉంది. మరి దాని పక్కన లెట్ ఏం చేస్తోంది? లెట్ మీ గో అంటే నన్ను పోనివ్వు అని కదా మనకు తెలిసింది. ‘పోనివ్వడం గానీ ఆటంకం గానీ లేకుండా వెళ్లనివ్వండి’ అని రాష్ట్రపతి ఎందుకు కోరతారు?

ఆ లెట్ వేరు, ఈ లెట్ వేరు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ల్యాటన్ అని ఒక క్రియ, లెట్టన్ అని ఇంకొక క్రియ ఉండేవి. మొదటిదానికి వదలడం, పోనివ్వడం అని అర్థం. రెండోదానికి అడ్డుకోవడం అని అర్థం. మనం రోజూ అనే లేట్ ఉంది చూశారా, రెండోది దానికి చుట్టం. ఆలస్యం చేయించడం దగ్గర మొదలై అడ్డుకోవడం దాకా వచ్చింది. కాలం గడిచేకొద్దీ పలుకుబడి మారి ఈ రెండూ ఒకే రూపానికి వచ్చాయి. అటు అనుమతి, ఇటు అడ్డు, రెండింటికీ లెట్టే. ఒకే మాటతో అవునని, కాదని రెండూ చెప్పాల్సి వస్తే ఎవరో ఒకరు తప్పుకోవాలి. అడ్డు తప్పుకుంది. పూర్తిగా పోలేదు, కోర్టు కాగితాల్లోనూ పాస్‌పోర్టులోనూ తలదాచుకుంది. టెన్నిస్‌లో సర్వీసు బంతి నెట్‌కు తగిలి అవతల పడితే లెట్ అని అరుస్తారు కదా, అదీ ఈ అడ్డే.

షేక్‌స్పియర్ రోజులకు రెండూ బతికే ఉన్నాయి. హామ్లెట్ నాటకంలో చచ్చిపోయిన తండ్రి ఆత్మ కనబడి రమ్మని సైగ చేస్తుంది. హామ్లెట్ వెంట వెళ్లబోతాడు. స్నేహితులు చేతులు పట్టుకుని ఆపుతారు. అప్పుడు అతను కత్తి దూసి, నన్ను ‘లెట్’ చేసినవాణ్ణి దయ్యం చేసి పారేస్తాను అంటాడు. అంటే చంపేస్తాను అని. ఇవాళ్టి అర్థంతో చదివితే, నన్ను పోనిచ్చినవాణ్ణి చంపుతాను అని అవుతుంది. తండ్రి పోయిన దుఃఖంలో కుర్రాడికి మతి చలించింది కాబోలు అనుకుని మన విద్యార్థి ముందుకు సాగిపోతాడు! హామ్లెట్‌కు పిచ్చా, పిచ్చి నటనా అన్న చర్చ ఎలాగూ ఉంది కాబట్టి అది అతికినట్టే ఉంటుంది కూడా.

ఇంతకంటే గట్టి ఉదాహరణ ఒకటి చెబుతాను. ఇంగ్లండులో జేమ్స్ రాజు పేరు మీద 1611లో బైబిల్ అనువాదం అచ్చయింది. మన దేశంలో కూడా ఇంగ్లీషు చర్చిల్లో తరతరాలు చదివారు దాన్ని. అందులో మార్కు సువార్త ఆరో అధ్యాయంలో హేరోదు రాజు విందు కథ వస్తుంది. హేరోదియ కూతురు నాట్యం చేస్తుంది. రాజు మురిసిపోయి ఏం కావాలో కోరుకో అంటాడు. ఆ అమ్మాయి వెళ్లి తల్లిని అడిగి వచ్చి, బాప్తిస్మమిచ్చు యోహాను తల నాకు ‘బై అండ్ బై ఇన్ ఎ చార్జర్’ ఇప్పించు అంటుంది.

చార్జర్ అనగానే మీలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఫోన్ చార్జర్ కాదులెండి. చార్జర్ అంటే వెడల్పాటి పళ్లెం, విందుల్లో మాంసం పెట్టి తెచ్చేది. ఇక్కడ మనం మోసపోం. అర్థం పొసగదు కాబట్టి ఆగి వెతుకుతాం. మోసం చేసేది పక్కనున్న బై అండ్ బై. ఇప్పుడు దాని అర్థం కొంతసేపటికి, నిదానంగా, తర్వాతెప్పుడో అని. ఆ అర్థంతో చదివితే ఆ అమ్మాయి, తొందరేం లేదు, వీలు చూసుకుని యోహాను తల ఇప్పించండి అన్నట్టు ఉంటుంది. అసలు ఆమె అన్నది తక్షణం అని. రాజు మనసు మారకముందే, అతిథుల ముందు ఇచ్చిన మాట చల్లారకముందే, ఈ క్షణమే కావాలంటోంది. కథలోని భయమంతా ఆ తొందరలోనే ఉంది. బై అండ్ బైని తర్వాత అనుకున్నామంటే కథకు ప్రాణమే పోయింది.

ఇది ఒక్క మాట జాతకం కాదు. ఇంగ్లీషులో వెంటనే అని అర్థం వచ్చే మాటలు చాలా ఇలాగే దిగజారాయి. సూన్ అంటే పాతకాలంలో తక్షణం. ఇప్పుడు త్వరలో. ఎనన్ అంటే తక్షణం. తర్వాత, కాసేపట్లో అయింది. ప్రెజెంట్లీ అంటే ఈ క్షణాన. తర్వాత, కొంచెం ఆగి అయింది. వరస చూస్తుంటే జాతి మొత్తం కలిసి బద్ధకించినట్టుంటుంది. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. ‘బయల్దేరావా?’ అని ఫోన్ చేస్తే ‘ఇదిగో, దారిలో ఉన్నా’ అంటాం. అప్పటికి ఇంకా స్నానం కాలేదు. టైలరు ‘ఇప్పుడే కుట్టేస్తానమ్మా’ అంటే ఆ ఇప్పుడు పండగ వెళ్లాక వస్తుంది. వందల ఏళ్లపాటు అందరూ ఇలాగే అంటూ పోతే ఆ మాటను నమ్మేవాడు ఉండడు. అసలైన తొందర చెప్పడానికి కొత్త మాట కావాలి. అది వచ్చాక దాన్నీ ఇలాగే అరగదీస్తారు. ఇప్పుడు ఆఫీసుల్లో ఏఎస్ఏపీ, అంటే వీలైనంత త్వరగా, అన్నది నడుస్తోంది. దాని గతీ మీరు చూస్తూనే ఉన్నారు.

అదే బైబిల్లో కీర్తనకారుడు, నేను తెల్లవారుజామును ‘ప్రివెంట్’ చేశాను అంటాడు. తెల్లవారకుండా ఆపేశాడా? భక్తుడికి అంత శక్తి ఉంటే ఇంక ప్రార్థన ఎందుకు! లాటిన్‌లో ఆ మాటకు ముందుగా రావడం అని అర్థం. తెల్లవారడానికంటే ముందే లేచాను అంటున్నాడు. తెలుగు బైబిల్ చదివేవాళ్లకు ఈ తికమక లేదు, అందులో తెల్లవారకముందే అనే ఉంటుంది. ఎదుటివాడి కంటే ముందుగా వెళ్లి నిలబడితే వాణ్ణి ఆపినట్టే కాబట్టి, ముందు రావడం కాస్తా ఆపడం అయింది.

మీట్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు మనిషికి విత్తనాలిచ్చే మొక్కలనూ పండ్లచెట్లనూ చూపించి, ఇవి మీకు ‘మీట్’ అవుతాయి అంటాడు. ఆకులూ పండ్లూ మీట్ ఏమిటి? అప్పట్లో మీట్ అంటే తిండి. ఏ తిండైనా. మాంసానికి ఫ్లెష్ అనేవారు. తర్వాత్తర్వాత తిండిలో మనసుపడి తినేదానికి ఆ మాట అంకితమైపోయింది. మనకు ఇది విడ్డూరం కానక్కర్లేదు. కోస్తాలో కూర అంటే వంకాయ కూడా కూరే. తెలంగాణలో ఆదివారం పూట ‘కూర తెచ్చిన’ అంటే వంకాయ అని ఎవరూ అనుకోరు. అంకాపూర్ వైపు వెళ్లి కూర ఏముంది అని అడిగి చూడండి, ఏం పెడతారో తెలుస్తుంది. ఇక మీట్ పాత అర్థం మన దేశంలో మిఠాయి కొట్ల బోర్డుల మీద బతికే ఉంది. స్వీట్‌మీట్ స్టాల్ అని ఉంటుంది చూడండి. లోపల లడ్డూ, జిలేబీ. మాంసం ముట్టనివాళ్లు కూడా నిరభ్యంతరంగా వెళ్లి కొనుక్కుంటారు.

ఇప్పుడు చెప్పబోయేది నాకు చాలా ఇష్టమైనది. డీర్ అంటే జింక. చిన్నపిల్లాడికీ తెలుసు. లియర్ రాజు నాటకంలో పిచ్చివాడి వేషంలో ఉన్న ఎడ్గర్, ఏడేళ్లుగా ఎలుకలూ పందికొక్కులూ అలాంటి ‘చిన్న డీర్’లే నా తిండి అని పాడతాడు. ఎలుక జింక ఎలా అవుతుంది? పాత ఇంగ్లీషులో డీర్ అంటే ఏ జంతువైనా. జర్మన్‌లో దాని తోబుట్టువు టీర్ ఇప్పటికీ జంతువు అనే అర్థంతోనే ఉంది. ఇంగ్లండులో దొరలు వేటాడే జంతువుల్లో ముఖ్యమైనది జింక. వేట మాట వస్తే ఆ జంతువు గురించే మాట్లాడేవారు. అలా జంతువు అన్న మాట జింక దగ్గర ఆగిపోయింది.

మరి సంస్కృతంలో మృగం? వేదకాలంలో మృగమంటే అడవి జంతువు, ఏదైనా సరే. ఏనుగును కూడా చెయ్యి ఉన్న మృగం అన్నారు. తర్వాత జింకకు పరిమితమైంది. మృగనయని అంటే జింక కళ్లున్నది. పులి కళ్లున్నది కాదు. మృగశిర కార్తెలోని మృగమూ జింకే. తెలుగులో మాత్రం రెండు అర్థాలూ ఒకేసారి నడుస్తున్నాయి. క్రూరమృగం, మృగరాజు అన్నచోట పాత అర్థం. మృగనయని, కస్తూరి మృగం అన్నచోట కొత్త అర్థం. ఇంగ్లీషు డీర్ ఏ దారిన నడిచిందో సంస్కృత మృగం అదే దారిన నడిచింది. ఒకదాని గురించి ఒకదానికి తెలియదు. రెండుచోట్లా వేటగాళ్లే ఆ పని చేశారు.

పొగడ్తలూ తిట్లూ తారుమారైన మాటలు కూడా చూడాలి. సిల్లీ అంటే ఇప్పుడు తెలివితక్కువ. మొదట్లో దాని అర్థం ధన్యుడు, దైవానుగ్రహం ఉన్నవాడు. జర్మన్‌లో జేలిగ్ ఇప్పటికీ అదే అర్థంలో ఉంది. ధన్యుడు అంటే పాపం తెలియనివాడు, పాపం తెలియనివాడు అంటే నోట్లో నాలుక లేనివాడు, నోట్లో నాలుక లేనివాడు అంటే జాలిపడదగ్గవాడు, చివరికి తెలివిలేనివాడు. మెట్టు మెట్టుకూ దిగింది. మన అమాయకుడు కూడా ఈ మెట్ల మీదే ఎక్కడో ఉన్నాడు. మాయ తెలియనివాడు అంటే మంచి గుణమే. కానీ పెళ్లిచూపుల్లో ‘మా అబ్బాయి కాస్త అమాయకుడండీ’ అంటే అవతలివాళ్లకు అనుమానం వస్తుంది.

నైస్‌ది దీనికి ఎదురు ప్రయాణం. లాటిన్‌లో ఏమీ తెలియనివాడు అన్న మాట అది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి మూర్ఖుడు. తర్వాత సిగ్గరి, తర్వాత ప్రతిదానికీ వంకలు పెట్టేవాడు, తర్వాత సూక్ష్మంగా ఆలోచించేవాడు, పద్దెనిమిదో శతాబ్దానికి మంచివాడు, బాగున్నది. న్యాయవాదులు ఇప్పటికీ ఎ నైస్ పాయింట్ ఆఫ్ లా అంటారు. బాగున్న పాయింటు అని కాదు, బహు సూక్ష్మమైన పాయింటు అని. మూర్ఖత్వం నుంచి అందానికి ఇంత దూరం ఒక మాట వస్తుందా అనిపిస్తుంది. ముగ్ధను గుర్తు తెచ్చుకోండి. మోహం, మూఢుడు, ముగ్ధ, అన్నీ ఒకే ధాతువు పిల్లలు. మతి తప్పినది, తెలివి లేనిది అన్న అర్థం నుంచే అందంగా అమాయకంగా ఉన్నది అన్న అర్థం వచ్చింది. ముగ్ధమనోహరం అని ఎవరినైనా మెచ్చుకుంటే వాళ్లు మురిసిపోతారు. ఆ మాట పుట్టిల్లు చెప్పకండి.

సర్వనామాల దగ్గర తెలుగువాళ్లకు ఒక లాభం ఉంది. దౌ, దీ అన్న మాటలు వినగానే ఇవాళ్టి ఇంగ్లీషువాడికి ఏదో గంభీరంగా, దైవసన్నిధిలో ఉన్నట్టు అనిపిస్తుంది. చర్చిలో ప్రార్థనల్లో వింటాడు మరి. కానీ దౌ అంటే నువ్వు, దీ అంటే నిన్ను. యూ అంటే మీరు. అంతే. పిల్లలకు, పనివాళ్లకు, ప్రాణస్నేహితులకు దౌ. పెద్దవాళ్లకు, బయటివాళ్లకు యూ. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద వించెస్టర్‌లో రాజద్రోహం కేసు నడిచింది. రాజు తరఫున వాదించినవాడు ఎడ్వర్డ్ కోక్. రాలీ అంటే ఆషామాషీ మనిషి కాదు, ఎలిజబెత్ రాణి దర్బారులో వెలిగినవాడు. కోక్ కోపం పట్టలేక, ‘ఐ దౌ దీ, దౌ ట్రెయిటర్’ అన్నాడు. ఇంగ్లీషు ఎమ్మే విద్యార్థులు దీని దగ్గర తెల్లమొహం వేస్తారు. తెలుగులో అనుకుంటే చాలు, ఇంకేమీ వివరించక్కర్లేదు. ‘నువ్వనే అంటాను నిన్ను, ద్రోహీ!’ నిండు కోర్టులో సర్ బిరుదున్న మనిషిని మీరు నుంచి నువ్వుకు దింపేశాడు. శిక్ష సంగతి తర్వాత, పరువు అక్కడే పోయింది.

ఆ శతాబ్దంలోనే క్వేకర్లు అని ఒక క్రైస్తవ శాఖ బయల్దేరింది. దేవుడి ముందు అందరూ సమానమే కాబట్టి జడ్జీనైనా జమీందారునైనా దౌ అనే పిలుస్తామన్నారు. దెబ్బలు తిన్నారు, జైలుకు వెళ్లారు. మన ఊళ్లలో ఎవరు ఎవరిని నువ్వు అనొచ్చు అన్నదాని మీద ఎన్ని గొడవలు జరిగాయో తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. విచిత్రమేమిటంటే, సమానత్వం ఇంగ్లీషులోకి వచ్చింది గానీ క్వేకర్ల పద్ధతిలో రాలేదు. అందరూ అందరినీ మీరు అనడం మొదలుపెట్టారు. నువ్వు అటకెక్కింది. అటక మీదున్నది కాబట్టి ఇప్పుడది గౌరవంగా కనబడుతోంది. దేవుణ్ణి దౌ అంటే గౌరవం వల్ల కాదు, దగ్గరితనం వల్ల. జైల్లో ఉండి రాముణ్ణి నిలదీసినప్పుడు రామదాసు మీరూ గారూ అనలేదు కదా. ఆ బైబిల్లోనే సాతానును కూడా దౌ అనే పిలుస్తారు.

జూలియట్ గురించి కూడా ఒక్క మాట. స్కూలు వార్షికోత్సవాల్లో జూలియట్ వేషం వేసిన అమ్మాయి బాల్కనీలోంచి కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టి చీకట్లోకి చూస్తూ ‘వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో’ అంటుంది. ఎక్కడున్నావయ్యా రోమియో అని. అతను కిందనే ఉన్నాడు, ఆమెకు తెలియదంతే. కానీ ఆమె వెతకడం లేదు. వేర్‌ఫోర్ అంటే ఎక్కడ అని కాదు, ఎందుకు అని. నువ్వు రోమియోవి ఎందుకయ్యావు, నా శత్రువుల ఇంట్లో ఎందుకు పుట్టావు అని బాధపడుతోంది. ఆ తర్వాత పేరులో ఏముంది, గులాబీని ఇంకో పేరుతో పిలిచినా వాసన పోతుందా అని వచ్చే మాటలన్నీ ఆ ఎందుకు మీదే నిలబడ్డాయి. ఎక్కడ అనుకున్నవాళ్లకు గులాబీ హఠాత్తుగా ఎక్కడినుంచి ఊడిపడిందో అర్థం కాదు.

మరి పట్టుకోవడం ఎలా అని మీరు అడగొచ్చు. వాక్యం కొంచెం తేడాగా అనిపిస్తే కష్టమైన మాటను కాదు, సులువైన మాటను అనుమానించండి. తర్వాత ఏ నిఘంటువు చూడాలన్నది ముఖ్యం. విద్యార్థుల నిఘంటువులు ఇవాళ్టి అర్థాన్ని మొదట ఇస్తాయి, పాతవి చాలావరకు ఇవ్వనే ఇవ్వవు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పెద్ద నిఘంటువు పద్ధతి వేరు. 1857లో లండన్‌లో భాషాశాస్త్ర సంఘం తలపెట్టిన పని అది. 1879 నుంచి జేమ్స్ మర్రే సంపాదకుడు. ఇంటి పెరట్లో ఇనుప రేకుల షెడ్డు వేసుకుని అందులో కూర్చున్నాడు. ఏ మాట ఏ పుస్తకంలో ఏ అర్థంలో కనబడిందో వాక్యంతో సహా చీటీ రాసి పంపమని జనాన్ని అడిగితే లక్షల చీటీలు వచ్చాయి. మొదటి భాగం 1884లో, ఆఖరి భాగం 1928లో వచ్చాయి. మర్రే 1915లోనే పోయాడు. అందులో మాటకు పుట్టినప్పటి అర్థం ముందు, తర్వాతివి తర్వాత వస్తాయి. నైస్ దగ్గర తెరిస్తే మొట్టమొదట తెలివితక్కువ అని ఉంటుంది. గాబరాపడకండి, కిందికి దిగుతూ మీరు చదువుతున్న పుస్తకం ఏ కాలానిదో ఆ కాలం దగ్గర ఆగండి. పద్దెనిమిదో శతాబ్దపు పుస్తకమైతే శామ్యూల్ జాన్సన్ 1755లో వేసిన నిఘంటువు పక్కన పెట్టుకోవడం ఇంకా మంచిది. అన్నట్టు, బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు చూసేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోండి, అందులోని ఇంగ్లీషు 1852 నాటిది. తెలుగు మాట కోసం వెళ్లి ఇంగ్లీషు దగ్గర జారిపడొచ్చు.

చరిత్ర చదివేవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి మన సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఇంగ్లీషులో మన పేరు మీదే ఒక పాత మాట ఉంది. జెంటూ. ఇప్పుడు ఫోన్‌లో కొడితే పెంగ్విన్ బొమ్మ వస్తుంది. నిజమే, ఆ పేరుతో ఒక పెంగ్విన్ ఉంది. కానీ పద్దెనిమిదో శతాబ్దపు మద్రాసులో జెంటూ అంటే తెలుగువాడు, తెలుగు భాష. పోర్చుగీసువాళ్లు క్రైస్తవులు కానివాళ్లను జెంటియో అనేవారు. ఇక్కడ ముస్లింలకు మూర్ అని వేరే పేరు పెట్టారు కాబట్టి జెంటియో హిందువులకు మిగిలింది. ఇంగ్లీషువాళ్లు దాన్ని జెంటూ చేశారు. మద్రాసు చుట్టుపక్కల అది తెలుగువాళ్లకు అంటుకుంది. క్యాంప్‌బెల్ 1816లో వేసిన తెలుగు వ్యాకరణం పేరులోనే, ‘సాధారణంగా జెంటూ అనబడే’ తెలుగు భాష అని ఉంది.

అయితే బెంగాల్‌లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి హాల్‌హెడ్ తయారుచేసిన జెంటూ చట్టాల సంపుటి అని ఒకటి 1776లో లండన్‌లో అచ్చయింది. పేరు చూసి అది తెలుగువాళ్ల ఆచారాల పుస్తకం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అక్కడ జెంటూ అంటే హిందువు అనే. ఒకే కాలం, ఒకే కంపెనీ, రెండు ఊళ్లలో రెండు అర్థాలు. ఇంకో గోతి కూడా ఉంది. మద్రాసు పాత రికార్డుల్లో జెంటూలతో పాటు మలబార్లు అని కనబడతారు. మలబార్ అనగానే కేరళ అనుకుంటాం. మద్రాసు ఇంగ్లీషువాళ్ల లెక్కలో మలబార్లంటే తమిళులు. జెంటూ అన్నచోట ఆగి వెతికిన మనిషి కూడా మలబార్ అన్నచోట ఆగకుండా వెళ్లిపోతాడు. ఆ రికార్డులు చదివి తెలుగువాళ్ల చరిత్ర రాసేవాళ్లు ఈ రెండూ గోడ మీద రాసి పెట్టుకోవాలని నా సలహా.

నిర్వాహకులు గడియారం చూస్తున్నారు. ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతాను. ఇంగ్లండులో మూలపడ్డ మాటలు కొన్ని మన నోళ్లలో దర్జాగా బతుకుతున్నాయి. పొద్దున మీరు చేసిన టిఫిన్ వాటిలో ఒకటి. ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన 1785లో వీధి భాషకు ఒక నిఘంటువు వేశాడు. అందులో టిఫింగ్ అంటే భోజనం వేళ కాని వేళలో ఏదైనా తినడం, తాగడం అని రాశాడు. మూలంలో ఉన్న టిఫ్ అంటే కాస్త మందు, ఒక గుక్క. ఇంగ్లండులో అది ఎప్పుడో పోయింది. ఇక్కడ మొదట దొరల మధ్యాహ్నపు చిరుతిండి అయింది, తర్వాత మన ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు అయింది. కారు డిక్కీ కూడా అంతే. గుర్రబ్బగ్గీకి వెనకాల నౌకర్లు కూర్చునే సీటు పేరు అది. తర్వాత మోటారు కార్లలో వెనక తెరిచే మడత సీటుకు వచ్చింది. ఇప్పుడు లండన్‌లో ట్యాక్సీవాడితో సామాను డిక్కీలో పెట్టమంటే వాడికి అర్థం కాదు, బూట్ అనాలి.

స్టెప్నీ కథ తెలిస్తే మన మెకానిక్కుల మీద గౌరవం పెరుగుతుంది. తొలినాళ్ల కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. పంక్చర్ అయితే రోడ్డు పక్కన కూర్చుని టైరు ఊడదీసి అతుకు వేసుకోవడమే. వేల్స్‌లో లానెల్లి అనే ఊళ్లో డేవిస్ సోదరులు 1904లో ఊచలు లేని ఒక చక్రం తయారుచేశారు. పాడైన చక్రానికి దాన్ని బిగించి బండి నడుపుకుని వెళ్లిపోవచ్చు. వాళ్ల షాపు స్టెప్నీ స్ట్రీట్‌లో ఉండేది కాబట్టి దానికి స్టెప్నీ చక్రం అని పేరు పెట్టారు. కార్ల కంపెనీలే అసలు చక్రాన్ని అదనంగా ఇవ్వడం మొదలుపెట్టాక ఆ వస్తువు పోయింది, ఇంగ్లండులో మాటా పోయింది. మన హైవేల మీద మాత్రం ఏ పంక్చర్ షాపు ముందు ఆగినా కుర్రాడు మొదట అడిగే ప్రశ్న, ‘సార్, స్టెప్నీలో గాలి ఉందా?’

ఇక మీ ప్రశ్నలు అడగండి. కిటికీ పక్కన చెయ్యెత్తిన అమ్మాయికి ముందు మైకు ఇవ్వండి.